ఓడల యోధుడు వాల్‌చంద్ హీరాచంద్

విశాఖపట్నంలో సిటీ బస్సెక్కి కండక్టరును సింధియా అని అడిగితే మారు మాట లేకుండా టికెట్ ఇస్తాడు. షిప్‌యార్డు దగ్గరి స్టాపు అది. ఉద్యోగ పరీక్ష రాయడానికి మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు, అది ఎవరో మహారాజు పేరు కాబోలు అనుకున్నాను. సగం నిజమే. పేరు గ్వాలియర్ మహారాజులది. కానీ ఆ పేరును మన తెలుగు తీరంలో నిలబెట్టినవాడు మాత్రం షోలాపూర్‌లో పుట్టిన ఒక కాంట్రాక్టరు. ఆయనే వాల్‌చంద్ హీరాచంద్.

తమ్ముళ్లూ! గుణదలలో పెరిగిన మనకు సముద్రంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. మన పక్కనే పారే ఏలూరు కాలువను ఒకసారి చూడండి. ఇప్పుడంటే గుర్రపుడెక్క, చెత్త కనిపిస్తాయి గానీ, ఒకప్పుడు అది పడవల దారి. ఏలూరు దగ్గర ఈ కాలువ గోదావరి కాలువలతో కలుస్తుంది. అలా పడవ మీద కాకినాడ దాకా పోవచ్చు. కాకినాడ నుంచి రంగం, అంటే నేటి యాంగాన్‌కు స్టీమర్లు ఉండేవి. పెద్ద ఓడ ఒడ్డుకు రాదు కాబట్టి దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకునేది. జనం చిన్న పడవల్లో పోయి దాన్ని ఎక్కేవారు. కూలికి పోయే తెలుగువాళ్ళు వేల సంఖ్యలో ఎక్కింది కేబిన్లలోకి కాదు, డెక్కు మీదకి. ఎండయినా వానయినా అక్కడే చాప పరుచుకోవాలి, మూట తలకింద పెట్టుకోవాలి. ఆ ఓడలు ఎక్కువగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అనే తెల్లవాళ్ళ కంపెనీవి. టికెట్ ధర వాళ్ళు చెప్పిందే. వాల్‌చంద్ తలపడింది ఈ కంపెనీతోనే.

ఆయన 1882 నవంబరు 23న షోలాపూర్‌లో స్థిరపడిన గుజరాతీ జైన వర్తక కుటుంబంలో పుట్టాడు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. బొంబాయిలో, పూనాలో కాలేజీ చదువు చదివాడు గానీ పట్టా చేతికి రాలేదు. అలాగని ఆయనా మనలాంటి ఇంటి నుంచే వచ్చాడని రాసి మిమ్మల్ని మోసం చేయను. చేతిలో పెట్టుబడి, వెనక బంధుబలం ఉన్న మనిషి. అయితే ఇంటి వ్యాపారంలో కూర్చోబుద్ధి కాలేదు. ఫాటక్ అనే ఒక మాజీ రైల్వే గుమాస్తాతో కలిసి రైలు మార్గాల కాంట్రాక్టులు పట్టాడు. డబ్బు ఒకరిది, పని తెలిసినతనం ఇంకొకరిది. ఆ పనుల్లోనే రాళ్ళు పగలగొట్టించడం, సొరంగాలు తవ్వించడం, వందల మందికి వారం వారం కూలి లెక్కకట్టడం నేర్చుకున్నాడు.

1919 మొదట్లో ఒక రైలు ప్రయాణంలో ఆయనకు ఒక కబురు తెలిసింది. గ్వాలియర్ మహారాజు సింధియా యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా నడిపిన లాయల్టీ అనే ఓడ అమ్మకానికి ఉందని. ఓడల గురించి ఆయనకు అప్పటికి తెలిసింది స్వల్పం. అయినా వెనకాడలేదు. నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయ్ సామల్‌దాస్ వంటి వారిని కలుపుకుని ఆ ఓడను కొన్నాడు. మార్చి నెలాఖరులో కంపెనీ రిజిస్టరయింది. దాని పేరే సింధియా స్టీమ్ నావిగేషన్.

ఈ లాయల్టీ చరిత్ర కాస్త చెప్పుకోవాలి. దాని అసలు పేరు ఎంప్రెస్ ఆఫ్ ఇండియా. కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఇంగ్లండులో కట్టించుకున్న ఓడ. సుమారు 5,900 టన్నులు. 1891లో అది లివర్‌పూల్ నుంచి సూయజ్, కొలంబో, హాంకాంగ్ మీదుగా వాంకూవర్‌కు తొలి ప్రయాణం చేసినప్పుడు, భూమి చుట్టూ తిరిగి రావాలనుకునే ధనవంతులకు కంపెనీ ప్రత్యేకంగా టికెట్లు అమ్మింది. పని మీద కాకుండా కేవలం చూడటానికి ఓడ ఎక్కడం అప్పటికి కొత్త సంగతి. అదే ఏడాది జనవరిలో జర్మనీలో ఆల్బర్ట్ బాలిన్ అనే ఓడల కంపెనీ పెద్ద, చలికాలంలో అట్లాంటిక్ మీద ప్రయాణికులు తగ్గి ఖాళీగా ఉండే ఆగస్టా విక్టోరియా ఓడను మధ్యధరా సముద్రంలో విహారానికి పంపాడు. నేటి క్రూయిజ్ వ్యాపారానికి మొదళ్ళు అక్కడున్నాయి. బాలిన్ వలసదారులకు టికెట్లు అమ్మే చిన్న ఏజెన్సీ నుంచి ఎదిగిన యూదుడు. ఆయన సంగతి మరో సంచికలో రాయదగినంత ఉంది.

ఎంప్రెస్‌లో పై తరగతి వాళ్ళు వంద పైచిలుకు ఉంటే, కింది తరగతిలో ఆరు వందల మందికి చోటు. పైన పియానో, కింద చైనా కూలీలు. ఒకే ఓడ, రెండు లోకాలు.

1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. వాల్‌చంద్, నరోత్తమ్ మొరార్జీ కూడా అందులోనే వెళ్ళారు. భారతీయుల కంపెనీ ఓడ భారత తీరం నుంచి బ్రిటన్‌కు ప్రయాణికులను తీసుకుపోయింది కనుకనే, 1964 నుంచి ఏటా ఏప్రిల్ 5ను జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుతున్నాం. జనరల్ నాలెడ్జ్ పరీక్షల్లో ఈ ప్రశ్న తరచూ వస్తుంది, గుర్తుంచుకోండి. అయితే పుస్తకాలు రాయని సంగతి ఒకటుంది. వ్యాపారంగా లాయల్టీ నెగ్గలేదు. ముసలి ఓడ, ఖర్చు ఎక్కువ. కొన్ని ప్రయాణాలకే దాన్ని ఆపేశారు. 1923లో బొంబాయిలో ముక్కలు చేసి ఇనుముగా అమ్మేశారు. మనం ఏటా పండుగ చేసుకునే ఓడ నాలుగేళ్ళు కూడా నడవలేదన్నమాట.

వాల్‌చంద్ చేతులెత్తేయలేదు. సరుకు ఓడలు కొని, రంగం నుంచి బియ్యం తెచ్చే వ్యాపారంలో దిగాడు. బ్రిటిష్ ఇండియా కంపెనీ అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్ ఊరుకోలేదు. కిరాయిలు అమాంతం పడగొట్టాడు. దీనికన్నా లోతైన ఎత్తు ఇంకొకటుంది. వర్తకుడు తన సరుకంతా ఆ కంపెనీ ఓడల్లోనే పంపితే, కట్టిన కిరాయిలో కొంత భాగం కొన్ని నెలల తర్వాత వెనక్కి ఇస్తారు. ఈలోగా ఒక్కసారి వేరే ఓడలో సరుకు ఎక్కించాడా, కూడబెట్టిన ఆ సొమ్మంతా పోయినట్టే. ఇక కొత్త కంపెనీకి సరుకు ఇచ్చేదెవరు? అప్పిచ్చినవాడి కొట్లోనే సరుకులు కొనక తప్పని కూలి గతి ఎలాంటిదో మనకు తెలుసు. పెద్ద వర్తకులకూ అదే పట్టింది.

అంతకు ముందు 1906లో తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టిన చిదంబరం పిళ్ళైని కూడా టికెట్ ధరలు పడగొట్టే దెబ్బ తీశారు. ఆయన జైలు పాలయ్యాడు, కంపెనీ మూతపడింది. వాల్‌చంద్ ఆ దారి పట్టలేదు. 1923లో ఇంచ్‌కేప్‌తో పదేళ్ళ ఒప్పందం చేసుకున్నారు. సింధియా ఓడలు ఇంత టన్నుల లోపే ఉండాలి, తీరం దాటి పోకూడదు. ఇది లొంగుబాటేనని అప్పట్లో అనుకున్నవారున్నారు. నాకు మాత్రం, కంపెనీ బతికి ఉంటేనే కదా రేపు పోరాడేది అనిపిస్తుంది. 1928లో తీర ప్రాంత రవాణాను భారతీయ ఓడలకే కేటాయించాలని హాజీ అనే సభ్యుడు కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చాడు. దాని వెనుక సింధియా వారి బలం ఉంది. అయినా అది చట్టం కాలేదు. 1929లో నరోత్తమ్ మొరార్జీ మరణించాక వాల్‌చందే చైర్మన్ అయ్యాడు.

ప్రయాణికుల ఓడల మీద ఆయనకు మక్కువ పోలేదు. 1937లో హజ్ యాత్రికుల కోసం ఎల్ మదీనా ఓడను దించాడు. అప్పటిదాకా ఆ దారిలో మొగల్ లైన్ అనే కంపెనీదే రాజ్యం. పోటీ రాగానే యాత్రికుల టికెట్ ధరలు దిగొచ్చాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. రెండు కంపెనీలు కొట్టుకున్నప్పుడు డెక్కు ప్రయాణికుడికి టికెట్ చవకయింది నిజమే, కానీ పడుకునే చోటు అదే డెక్కు. ఓడ స్వదేశీదయినంత మాత్రాన చాప పరుపు కాలేదు. ఆ ఎల్ మదీనాను 1944 మార్చిలో బంగాళాఖాతంలో జపాన్ జలాంతర్గామి ముంచేసింది. వందల మంది చనిపోయారు.

ఇక మన గడ్డ మీది కథ. ఓడలు ఎన్ని కొన్నా, కట్టేవాడు ఇంగ్లండులోనే ఉన్నంతకాలం లాభం లేదని వాల్‌చంద్‌కు అర్థమైంది. కలకత్తాలో స్థలం కోసం ప్రయత్నించి విసిగిపోయి, 1933లో కొత్తగా ప్రారంభమైన విశాఖ రేవు వైపు చూశాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరగక ముందే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పని ఆగింది. యంత్రాలను బొంబాయి తరలించారు. తర్వాత మళ్ళీ తెచ్చి మొదలుపెట్టారు. 1948 మార్చి 14న నెహ్రూ ఎనిమిది వేల టన్నుల జల ఉషను నీటిలోకి వదిలాడు. స్వతంత్ర భారతంలో నీటిలోకి దిగిన మొదటి పెద్ద ఓడ అది. తెలుగు కూలీలు రేకులు మోసి, రివెట్లు కొట్టి కట్టిన ఓడ. వాళ్ళ తాతలు ఇదే తీరం నుంచి డెక్కు టికెట్‌తో రంగం పోయినవాళ్ళు. శంకుస్థాపన రాతి మీద పెద్దల పేర్లే ఉంటాయి. రివెట్లు కొట్టిన వాళ్ళ పేర్లు మనకు ఎక్కడా దొరకవు.

యార్డుకు సరిపడా పనులు రాక, ఖర్చులు పెరిగి, 1952లో ప్రభుత్వం అందులో పెద్ద వాటా తీసుకుంది. అలా హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. వాల్‌చంద్‌కు అప్పటికే పక్షవాతం వచ్చింది. 1950లో పదవులు వదులుకున్నాడు. బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ, బొంబాయిలో కార్ల ఫ్యాక్టరీ కూడా ఆయన మొదలుపెట్టినవే. విమానాల ఫ్యాక్టరీ ఆయన కళ్ళముందే ప్రభుత్వం చేతికి పోయింది. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో కన్నుమూశాడు. సింధియా కంపెనీ కూడా తర్వాతి కాలంలో చితికిపోయింది. విశాఖలో బస్టాపు మిగిలింది.

ఆయన పోయిన అయిదేళ్ళకు జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాయి. ఎక్కేవాళ్ళు లేక పెద్ద పెద్ద ప్రయాణికుల ఓడలు వెలవెలబోయాయి. వాటిని చవకగా కొని విహారానికి తిప్పడంతోనే నేటి క్రూయిజ్ వ్యాపారం పెరిగింది. 1972లో అమెరికాలో కార్నివాల్ కంపెనీ మొదలైంది కూడా పాత ఓడతోనే. అదీ కెనడియన్ పసిఫిక్ వారిదే, ఎంప్రెస్ ఆఫ్ కెనడా. తొలి ప్రయాణంలోనే ఇసుకలో కూరుకుపోయింది! అయినా ఆ కంపెనీ ప్రపంచంలోకెల్లా పెద్దదయింది. 2022 జూన్‌లో విశాఖకు వచ్చిన కార్డేలియా ఓడ పేరూ ఎంప్రెస్సే. అదీ సెకండ్ హ్యాండే, 1990 నాటిది. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది.

ఈ ఓడల్లో టికెట్ మీదే కాదు, లోపల జరిగే ఖర్చు మీదా లాభం ఉంటుంది. చాలా ఓడలు బహామాస్, పనామా జెండాలు కట్టుకుంటాయి, పన్నులు, జీతాల చట్టాలు తేలికని. వంటశాలలో, గదులు సర్దే పనుల్లో ఆసియా కుర్రాళ్ళే ఎక్కువ. మనలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివే వాళ్ళు ఆ కొలువులకు పోవాలనుకుంటే, ఏజెంటుకు డబ్బు కట్టే ముందు అతనికి డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో చూసుకోండి. నాకు తెలిసిన ఒక కుర్రాడు చూసుకోక ఇంటి పట్టా తాకట్టు పెట్టిన సొమ్ము పోగొట్టుకున్నాడు.

వాల్‌చంద్ యార్డులో క్రూయిజ్ ఓడలు కట్టలేదు గానీ, 1999లో స్వరాజ్ ద్వీప్ అనే ప్రయాణికుల ఓడ కట్టి ఇచ్చారు. పన్నెండు వందల మంది ఎక్కవచ్చు. అండమాన్‌కు కూలి పనులకు పోయే శ్రీకాకుళం వాళ్ళను అది ఎన్నో ఏళ్ళు మోసింది. అందులో డీలక్స్ కేబిన్లున్నాయి. అన్నిటికన్నా చవక టికెట్‌ను బంకు క్లాసు అంటారు. ఓడ కింది భాగంలో, పెద్ద హాల్లో, మన హాస్టల్లోలాగే ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు.