సుబేదారు కొడుకు

ఏప్రిల్ 14 వస్తే అంబేద్కర్ గారి ఫోటోకి దండ వేసి, రాజ్యాంగం రాసిన మహానుభావుడు అని చెప్పి పంపిస్తారు. ఆయన చదువుకి డబ్బులు యాడ నుంచి వచ్చినాయో ఎవరూ చెప్పరు. నాకు కావాల్సింది అదే. అందుకే పుస్తకాలు వెతికి ఇది రాస్తున్నాను.

ఆయన 1891లో మౌ అనే మిలిటరీ కంటోన్మెంటులో పుట్టారు. తాత మాలోజీ సిపాయి. నాయన రాంజీ సక్పాల్ సుబేదారు. మహర్ల పిల్లల్ని ఊరి బడి దగ్గరికి రానివ్వని కాలం అది. సైన్యంలో మాత్రం సిపాయిల పిల్లలకి బడి ఉండేది. రాంజీ గారు మిలిటరీ బడిలోనే హెడ్మాస్టరు అయ్యారు. అంటే ఆ ఇంట్లోకి అక్షరం వచ్చింది సిపాయి నౌకరి వల్లనే. భీమ్‌రావు చిన్న పిల్లవాడుగా ఉండగానే తెల్లదొరలు మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. అప్పుడు ఎంతమంది పిల్లలకి ఆ దారి మూసుకుపోయిందో!

రాంజీ గారి పెన్షన్ నెలకు 50 రూపాయలు. బొంబాయిలో అందరికీ ఒకటే గది. పరీక్షలప్పుడు నాయన తెల్లవారుజామున 2 గంటలకి లేపితే భీమ్‌రావు కిరసనాయిలు దీపం దగ్గర చదివేవారు. (మన స్టడీ అవర్ 5 గంటలకే. ఇంకెవరూ సణగొద్దు.) 1907లో మెట్రిక్ పాసయ్యారు. కాలేజీకి బరోడా మహారాజు శాయాజీరావు నెలకు 25 రూపాయలు ఇచ్చారు. బి.ఏ. అయినాక 1913 జనవరిలో బరోడా సైన్యంలో లెఫ్టినెంటుగా చేరారు. కొన్ని రోజులకే నాయనకి సీరియస్ అని టెలిగ్రాం వచ్చింది. ఫిబ్రవరిలో ఆయన చనిపోయారు.

ఆ ఏడాదే మహారాజు అమెరికా చదువుకి డబ్బు ఇస్తామన్నారు, కానీ బాండు రాయాలి. మూడేళ్ళ ఖర్చు సంస్థానానిది, తిరిగొచ్చి పదేళ్ళు వాళ్ళ దగ్గర నౌకరి చేయాలి.

ఇది చదివినప్పుడు మా అన్న గుర్తొచ్చాడు. మా నాయన జమ్మలమడుగు తట్టు బండల పనికి పోతాడు. అన్న ప్రొద్దుటూరులో ఇంటర్ అయిపోయి, పులివెందుల రోడ్డు మీద చీకట్లోనే పరుగు ప్రాక్టీసు చేస్తా ఉన్నాడు. అగ్నివీర్‌గా నాలుగేండ్లు చేస్తే చివర్లో దాదాపు 11.71 లక్షలు వస్తాయని 2022లో ప్రకటించారు. అందులో సగం జవాను జీతంలో కోసిందే. నలుగురిలో ఒకర్నే తర్వాత ఉంచుకుంటారంట. ఆ డబ్బుతో డిగ్రీ చదువుతా, నిన్ను నర్సింగ్ చదివిస్తా అంటాడు. అమ్మ ఏమీ మాట్లాడదు.

అంబేద్కర్ గారు బాండు ప్రకారం 1917లో బరోడా వచ్చారు. మిలిటరీ సెక్రటరీ ఉద్యోగం. అంత పెద్ద ఆఫీసరుకి బంట్రోతులు ఫైళ్ళు దూరం నుంచి విసిరేసేవాళ్ళు. తాగడానికి నీళ్ళు లేవు. ఊర్లో ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో ఉంటే, 11వ రోజు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. సాయంత్రం దాకా పార్కులో కూర్చుని రాత్రి రైలుకి బొంబాయి వెళ్ళిపోయారు. కొలంబియా యూనివర్సిటీలో చదివొచ్చిన మనిషి! పదేళ్ళు పనిచేద్దామని ఆయన వస్తే చేయనిచ్చింది ఎవరు?

తర్వాత 1918లో బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. జీతంలో మిగుల్చుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయంతో 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి చదువు పూర్తి చేశారు.

మహర్లను సైన్యంలోకి మళ్ళీ తీసుకోవాలని ఆయన గట్టిగా అడిగారు. 1941లో రక్షణ సలహా సంఘంలో సభ్యులయ్యారు. ఆ ఏడాదే బెల్గాంలో మహర్ రెజిమెంటు మొదలైంది. అది ఈ రోజుకీ ఉంది.

– 9వ తరగతి విద్యార్థిని