మా ఊరికొచ్చిన చుక్కల ఆచారి

మెసయీద్‌లో ఫ్యాక్టరీల వెలుగుకు చుక్కలు సరిగా కనపడవు. అందుకే చలికాలంలో సెలవు దొరికితే పిల్లలతో సీలైన్ ఇసుక దిబ్బల అవతలికి వెళ్తాం. అక్కడ ఆకాశం చూసినప్పుడల్లా నాకు చింతామణి రఘునాథాచారి గుర్తొస్తారు. మాది వనపర్తి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఆయన మద్రాసు నుంచి వచ్చింది మా ఊరికే.

పంచాంగాలు గణించే కుటుంబం ఆయనది. యువకుడిగానే మద్రాసు అబ్జర్వేటరీలో చేరి, ప్రధాన సహాయకుడి స్థాయికి ఎదిగారు. 1867 జనవరిలో దక్షిణాకాశంలోని ఒక చుక్క వెలుగు మారుతోందని కనిపెట్టారు. అదే ఆర్ రెటిక్యులీ. దాదాపు 278 రోజులకోసారి అది వెలిగి మసకబారుతుంది.

ఎందుకలా జరుగుతుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. అది ముసలి చుక్క. నడిమధ్య హైడ్రోజన్ అయిపోయాక అలాంటి చుక్క ఉబ్బి, ఎర్రబడి, ఊపిరి తీసినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చివరకు పై పొరలు రాల్చేసి చిన్న తెల్లటి గుండుగా మిగులుతుంది. సుమారు 500 కోట్ల ఏళ్ల తర్వాత మన సూర్యుడూ ఆ దారి పట్టాల్సిందే.

చుక్క ఆయుష్షు ముందు మనిషి బతుకెంత? అందుకే పాత రాతలు అంత విలువైనవి. ఇదే జాతికి చెందిన ఆర్ హైడ్రే 1700 ప్రాంతంలో దాదాపు 500 రోజులకోసారి వెలిగేది. ఇప్పుడు 390 రోజులైనా పట్టడం లేదు. లోపలి హీలియం పొర భగ్గుమనడమే కారణం కావచ్చంటారు శాస్త్రవేత్తలు. తరతరాలుగా తేదీలు రాసిపెట్టినవాళ్లు లేకపోతే ఆ మార్పే తెలిసేది కాదు.

కంటికి కనిపించినదే లెక్కకు ఆధారం కావాలన్నది రఘునాథాచారి పట్టుదల. పాత సూత్రాల పంచాంగాలు ఆకాశంతో సరిపోలడం లేదని దృగ్గణిత పంచాంగాలు వెలువరించారు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటే వింత గురించి జనానికి అర్థమయ్యేలా పుస్తకం రాశారు. 1880లో కన్నుమూశారు.

ఆయన చుక్క మెసయీద్‌లో నేలకు రెండు డిగ్రీలే పైకి లేస్తుంది, దుమ్ములో కలిసిపోతుంది. వనపర్తిలోనైతే పది డిగ్రీలు లేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్తున్నాం. మా అమ్మాయి బైనాక్యులర్‌తో పాటు ఒక నోటుపుస్తకమూ సర్దుకుంది. చుక్క కనిపించినా, కనిపించకపోయినా తేదీ వేసి రాయమన్నాను.