స్వామి జ్ఞానానంద

పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరమునకు సమీపమున గొరగనమూడి యను గ్రామము కలదు. 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన ఆ గ్రామమున భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించెను. ఈ పేరు నేడు తెలిసినవారు తక్కువ. స్వామి జ్ఞానానంద యన్నచో విశాఖపట్టణమున భౌతికశాస్త్రము చదివిన పెద్దలు వెంటనే గుర్తింతురు. ఆ ఇరువురును ఒక్కరే.

ఆయన నరసాపురమందలి టైలరు ఉన్నత పాఠశాలలో చదివెను. చిన్ననాటనే మనస్సు వైరాగ్యమువైపు మొగ్గెను. యౌవనమున ఇల్లు విడిచి, హిమాలయ ప్రాంతములకు పోయి, పెక్కు సంవత్సరములు యోగాభ్యాసమున గడిపెను. 1927లో జర్మనీ దేశమునకు వెళ్ళి యోగమును గూర్చి ఉపన్యసించెను. అచ్చట నూతన భౌతికశాస్త్రము ఆయన నాకర్షించెను. ముప్పది యేండ్లు నిండిన సన్న్యాసి మరల విద్యార్థి యయ్యెను! డ్రెస్డెన్ నగరమున గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసించి, పిమ్మట ప్రేగ్ నగరమున ఎక్స్‌కిరణములపై పరిశోధన చేసి డాక్టరు పట్టమును పొందెను.

అటుపిమ్మట ఆయన ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చటి భౌతికశాస్త్ర శాఖకు అధిపతి జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రానును కనుగొన్న మహాశాస్త్రజ్ఞుడాయనయే. జ్ఞానానంద అక్కడ బీటా కిరణముల శక్తిని కొలుచు పనిని చేపట్టెను. పరమాణు కేంద్రకము నుండి వెలువడు ఎలక్ట్రానులే బీటా కిరణములు. వాటి దారికి గాలి అడ్డము. గుఱ్ఱపుడెక్క క్రమ్మిన కాలువలో పడవ సాగునా? కావున పరికరములోని గాలిని తోడివేయవలెను. శూన్యమును కల్పించు ఈ విద్యలో ఆయన నిపుణుడై, దానిపై ఆంగ్లమున ఒక గ్రంథమును రచించెను.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. చాడ్విక్ అమెరికాలో అణుబాంబు నిర్మాణమునకు తోడ్పడిన బ్రిటిషు శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడయ్యెను. అమెరికా ప్రభుత్వము ఆ పనికి సుమారు 200 కోట్ల డాలర్లు వ్యయపఱచెను. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి నాశనమయ్యెను. లక్షకు పైగా జనులు మరణించిరి. కొలుచుటకై పుట్టిన విద్య చంపుటకు పనికివచ్చెను. జ్ఞానానంద మాత్రము అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయమున రేడియోధార్మిక పదార్థములపై పరిశోధన చేసి, 1947లో స్వదేశమునకు తిరిగివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసెను.

1954 మార్చిలో పసిఫిక్ సముద్రమున అమెరికా జరిపిన బాంబు పరీక్షవలన, దూరమున చేపలు పట్టుకొనుచున్న జపాను జాలరులపై విషధూళి కురిసెను. ఏప్రిల్ 2న ప్రధాని నెహ్రూ మన పార్లమెంటులో ఇట్టి పరీక్షలను నిలుపవలెనని కోరెను. ఆ సంవత్సరమే జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చెను. 1956లో అచ్చట కేంద్రక భౌతికశాస్త్ర శాఖ ప్రత్యేకముగా ఏర్పడగా, దానికి అధిపతి యయ్యెను.

ఇట్టి శాఖను నడుపుటకు ధనమెక్కడిది? పంపులు, అయస్కాంతములు, సీసపు కవచములు అన్నియు విలువైనవే. ఆ విశ్వవిద్యాలయపు శాస్త్ర కళాశాలకు జయపురపు మహారాజు విక్రమదేవ వర్మ ఇచ్చిన విరాళము ప్రసిద్ధము. అణుపరిశోధనకు మాత్రము దాత యొక్కడు చాలడు. ప్రభుత్వ ధనమే దిక్కు. 1953లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము, 1954లో కేంద్ర అణుశక్తి శాఖ వెలసెను. గ్రాంటు ఊరక వచ్చునది కాదు. ఏ విషయమును తెలిసికొనదలచితిమో, ఏ పరికరమెందులకో వివరించి కోరవలెను. వచ్చిన సొమ్మును అందులకే వెచ్చించి లెక్క యప్పగింపవలెను. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న ఒక పాఠశాలలో రెండు త్రాసులకై గ్రాంటు కోరితిని. సొమ్ము చేతికి వచ్చునప్పటికి వాటి ధర పెరిగి, ఒక్క త్రాసే కొనగలిగితిని. ఆ యొక్కదాని ముందు పిల్లలు బారులు తీరెడివారు.

విశాఖలో నేర్పిన ఈ కొలత విద్య యుద్ధమున కాక శాంతికి ఎట్లు పనికివచ్చును? ప్రతి రేడియోధార్మిక పదార్థమును తనదే యగు శక్తి గల కిరణములను వెలువరించును. గోడ అవతలి మనిషిని గొంతునుబట్టి గుర్తించునట్లు, కిరణములను కొలిచి పదార్థమును గుర్తింపవచ్చును. గాలిలోని ధూళిని పట్టి కొలిచినచో దూరమున జరిగిన పరీక్ష బయటపడును. 1957లో ఏర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు, యురేనియము లెక్క సరిపోయినదా లేదా యని చూచునది ఇట్టి కొలతలతోడనే. 1963లో గాలిలోను, నీటిలోను, అంతరిక్షములోను అణుపరీక్షలను నిషేధించు ఒప్పందము కుదిరెను. భారతదేశమును అందులో చేరెను. కొలుచు సాధనములే లేనిచో ఇట్టి ఒప్పందమును ఎవరైన మీఱినట్లు తెలియుటెట్లు?

జ్ఞానానంద ఒప్పందములు వ్రాసినవాడు కాడు, రాయబారియు కాడు. కొలుచువారిని తయారుచేసెను. 1965 వరకు ఆ శాఖకు అధిపతిగా నుండి, 1969 సెప్టెంబరు 21న కన్నుమూసెను. అణ్వస్త్రముల వ్యాప్తిని అరికట్టు ఒప్పందము అంతకు ముందేడు సంతకములకు సిద్ధమై, 1970లో అమలులోనికి వచ్చెను. అది అన్ని దేశములను సమముగా చూడలేదని మన దేశము అందులో చేరలేదు. విశాఖపట్టణములోని కేంద్రక పరిశోధన ప్రయోగశాలలకు మాత్రము గొరగనమూడి సన్న్యాసి పేరే పెట్టిరి.