నీటికి ఎగువ దారి చూపిన అల్ జజరీ

నీరు పల్లమెరుగునని మన సామెత. పల్లానికి పోవడం నీటికి స్వభావసిద్ధం. దానిని మెరకకు చేర్చడం మానవుని పురుషార్థం. మన గ్రామాలలో ఏతం, గూడ, మోట తరతరాలుగా ఆ పనినే నిర్వర్తించాయి. నేడు పొలాలలో మోటారు పంపులు, ఇండ్లలో మేడమీది తొట్టికి నీరెక్కించే యంత్రాలు, ముచ్చటకు పెంచుకునే చేపల గాజుతొట్టిలో అరచేతిలో ఇమిడే చిన్న పంపు అదే పనిని చేస్తున్నాయి. ఈ సుదీర్ఘమైన పరంపరలో ఒక ప్రధానమైన మెట్టును నిర్మించిన మహాశిల్పి బదీవుజ్జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయీల్ ఇబ్నుర్ రజ్జాజ్ అల్ జజరీ. పన్నెండవ శతాబ్దపు ఉత్తరార్ధంలో జీవించిన ఈ యాంత్రికుని చరిత్ర విజ్ఞానశాస్త్ర విద్యార్థులందరికీ పఠనీయం.

తూర్పున టైగ్రిస్, పడమట యూఫ్రటీస్ నదుల నడుమ విస్తరించిన ఎగువ మెసపొటేమియాను అరబ్బులు అల్ జజీరా అని వ్యవహరించారు. ద్వీపమని ఆ పదానికి అర్థం. ఆ ప్రాంతం నేడు తుర్కియే, సిరియా, ఇరాక్ దేశాల మధ్య విభక్తమై ఉన్నది. జజరీ అన్న పేరు ఆయనకు ఆ సీమవల్లనే వచ్చింది. ఆయన జీవితాన్ని గురించి మనకు లభించిన విషయాలు దాదాపు అన్నీ ఆయన రచించిన ఒకే ఒక గ్రంథంనుండి గ్రహించినవే. రాజుల యుద్ధాలను, దండయాత్రలను సవిస్తరంగా నమోదు చేసిన ఆనాటి చరిత్రకారులు ఒక పనివాని జీవితానికి పుటలు కేటాయించలేదు. తన పేరును కాలగర్భంలో కలిసిపోకుండా కాపాడుకున్నది ఆయన లేఖినియే.

దియార్ బక్ర్ ప్రాంతాన్ని అప్పుడు అర్తుఖీ వంశానికి చెందిన తుర్కుమాన్ ప్రభువులు పాలించేవారు. సలాహుద్దీన్ అయ్యూబీ 1183లో ఆమిద్ నగరాన్ని జయించి, ఆ వంశపు రాజైన నూరుద్దీన్ ముహమ్మద్‌కు అప్పగించాడు. నేటి దియార్‌బకిర్ నగరమే నాటి ఆమిద్. జజరీ హిజ్రీ 570, అంటే క్రీ.శ. 1174-75 నుండి ఆ రాజవంశపు కొలువులో ఉన్నాడు. మొదట నూరుద్దీన్‌ను, తరువాత ఆయన పెద్ద కుమారుడు కుత్బుద్దీన్‌ను, అటు పిమ్మట రెండవ కుమారుడు నాసిరుద్దీన్ మహమూద్‌ను సేవించాడు. పనివారందరికీ పెద్ద అన్న అర్థం వచ్చే రయీసుల్ ఆమాల్ అనే బిరుదు ఆయనకు ఉండేది. ఆమిద్ రాజభవనానికి పోత ఇత్తడితో ఆయన నిర్మించిన మహాద్వారం ఆయన లోహశిల్ప నైపుణ్యానికి నిదర్శనం.

నాసిరుద్దీన్‌కు ఒక నియమం ఉండేదట. నమాజుకు ముందు వజూ చేసుకునేటప్పుడు సేవకులు తన చేతులపై నీరు పోయడం ఆయనకు రుచించేది కాదు. ఆ పనిని తనంత తానుగా నిర్వహించే సాధనం ఒకటి కావాలని జజరీని కోరాడు. ఆ కోరికను మన్నించి జజరీ నియమిత పరిమాణంలో నీటిని పోసే పాత్రలను రూపొందించాడు. ఆయన యంత్రాలలో నెమలి ముక్కునుండి నీరు పోసేవి, బొమ్మ సేవకులు తువ్వాలు అందించేవి ఉన్నాయి. వీటిని కేవలం రాజవినోదాలుగా భావించరాదు. నీటిమట్టంతోపాటు తేలుడు బిళ్ళ పైకి లేవడం, దానితో మీట కదలడం, కవాటం తెరుచుకోవడం అనే స్వయంచాలక సూత్రాలన్నీ వాటిలో నిక్షిప్తమై ఉన్నాయి.

ఈ అద్భుతాలను చూచిన నాసిరుద్దీన్ దూరదృష్టితో ఒక ఆజ్ఞ చేశాడు. యంత్రాలు శిథిలమవుతాయి, చేసినవాడు గతిస్తాడు. కనుక వాటి నిర్మాణ రహస్యాలను గ్రంథస్థం చేయవలసిందని కోరాడు. జజరీ మొదట సంకోచించినా చివరకు ఆజ్ఞను శిరసావహించాడు. ఆ విధంగా వెలసినదే యాంత్రిక కౌశలాలను వివరించే కితాబ్ ఫీ మారిఫతిల్ హియలిల్ హందసియ్యా. అందులో ఆరు ప్రకరణాలు, యాభై యంత్రాలు ఉన్నాయి. గడియారాలు పది, పానపాత్రలు పది, చేతులు కడుగుకొనుటకు, రక్తం తీయుటకు ఉపయోగించే పాత్రలు పది, ఫౌంటెన్లు, వాద్యయంత్రాలు పది, నీటిని ఎత్తే యంత్రాలు అయిదు, ఇతరములు అయిదు. ప్రతి యంత్రానికీ చిత్రం, ప్రతి భాగానికీ అక్షరాల గుర్తులు, కొలతలు, కూర్చవలసిన క్రమం ఇవ్వబడినాయి. కలప వంకర తిరగకుండా పొరలుగా అతికించడం, ముందుగా కాగితంతో నమూనా చేసి చూడడం, చక్రాల తూకం సరిచేయడం, ఇసుక అచ్చులలో లోహం పోత పోయడం వంటి పనితనపు మెళకువలు కూడా ఆయన దాచుకొనలేదు. వృత్తి రహస్యాన్ని కన్నకొడుకుకు తప్ప చెప్పని రోజులలో ఇది సామాన్యమైన ఔదార్యం కాదు.

జజరీ మహత్త్వం కొత్తవాటిని కనిపెట్టడంలో ఎంత ఉన్నదో, పాతవాటిని మెరుగుపరచిన పద్ధతిలో అంతకు మించి ఉన్నది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాద్ నగరంలో వెలుగొందిన బనూ మూసా సోదరులు ముగ్గురు ఫౌంటెన్లను గురించి వ్రాసియున్నారు. వారి ఫౌంటెన్లలో గాలితోగాని నీటితోగాని తిరిగే రెక్కల వలన నీటిధార ఆకృతి మారేది. జజరీ వారి ఆత్మలకు దైవానుగ్రహాన్ని ప్రార్థించి, వారి ప్రతిభను శ్లాఘించిన తరువాతనే లోపాన్ని పేర్కొన్నాడు. ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క మార్పు రావడం వలన చూపరులు ఆ సౌందర్యాన్ని గ్రహించేంత వ్యవధి ఉండడం లేదని ఆయన అభ్యంతరం. అందుచేత నిండగానే ఒరిగిపోయే చిన్న తొట్లను అమర్చి, ధారలు నియమిత కాలానికొకసారి మాత్రమే మారేటట్లు చేశాడు.

నీటి గడియారం విషయంలోనూ ఆయన అదే మార్గాన్ని అవలంబించాడు. తొట్టిలో నీటిమట్టం ఎత్తుగా ఉంటే అడుగు రంధ్రంనుండి నీరు వేగంగా వస్తుంది. మట్టం తగ్గితే వేగం మందగిస్తుంది. పగటిని పన్నెండు భాగాలు చేసే నాటి లెక్కలో ఋతువును బట్టి గంట నిడివి మారేది గనుక ధార వేగాన్ని దినదినమూ సవరించవలసి వచ్చేది. పూర్వులు అందుకు అర్ధవృత్తాకారపు పలకను విభజించి వాడారు. జజరీ దానిని పరీక్షించి, ఆ విభజన లెక్కకు సరిపోవడం లేదని కనుగొన్నాడు. అనేక పర్యాయాలు నీటిని కొలిచి, పూర్తి వృత్తంపై కొత్త గుర్తులు వేసుకున్నాడు. పరీక్షకు నిలవని విద్య సత్యానికీ అసత్యానికీ నడుమ వేలాడుతూ ఉంటుందని ఆయన విశ్వాసం.

ఆయన నిర్మించిన ఏనుగు గడియారం లోకప్రసిద్ధం. ఆ ఏనుగు గర్భంలోని తొట్టిలో అడుగున రంధ్రంగల గిన్నె ఒకటి తేలుతూ, క్రమంగా నిండి, అర్ధగంటకొకసారి మునిగేది. అది మునగగానే పక్షి తిరిగేది, బంతి జారేది, మావటివాడు దెబ్బ కొట్టేవాడు. మన దేశంలో కాలాన్ని కొలిచిన గడియకుడుక కూడా ఇటువంటి మునిగే గిన్నెయే. ఇరవై నాలుగు నిమిషాల గడియను ఆ గిన్నె కొలిచేది. నేటి గడియారం అన్న మాటలో ఆ గడియ ఇంకా నిలిచియున్నది.

ఇక నీటిని ఎత్తే యంత్రాలు. అయిదింటిలో కొన్ని పశువు తిప్పగా గరిటెవంటి దోనెలు లేచి నీటిని కుమ్మరించేవి. వాటిని చూచిన తెలుగువానికి ఏతం జ్ఞప్తికి రాక మానదు. ఒకదానిలో కుండల దండను కనబడకుండా నీటి చక్రమే తిప్పుతుంది. పైన కొయ్య ఆవు బొమ్మ ఒకటి మాత్రం తానే తిప్పుతున్నట్లు తిరుగుతూ ఉంటుంది. అయిదవది వీటన్నిటికన్నా విశిష్టమైనది. పారే నీటిచే తిరిగే చక్రం పళ్ళచక్రాలను తిప్పుతుంది. చక్రపు అంచున ఉన్న చీల ఒక గాడిగల కడ్డీలో ఇమిడి, దానిని అటూ ఇటూ ఊపుతుంది. గుండ్రని చలనం ఈ విధంగా ముందు వెనుకల చలనంగా మారుతుంది. కడ్డీకి ఇరువైపులా ఎదురెదురుగా రెండు రాగి సిలిండర్లు, వాటిలో పిస్టన్లు ఉంటాయి. ఒకటి నీటిని లోనికి పీల్చుకొనే సమయంలో రెండవది పైకి నెట్టుతుంది. రెండు గొట్టాలూ పైన ఒకటిగా కలుస్తాయి.

పిస్టన్ పంపు జజరీకి పూర్వం లేనిది కాదు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా నివాసి క్టెసిబియస్ అటువంటిది నిర్మించాడు. కాని ఆ పంపు సిలిండర్లు నీటిలోనే మునిగి ఉండవలసి వచ్చేది. జజరీ తన సిలిండర్లను నీటి ఉపరితలానికి పైన ఉంచి, నీటిని పీల్చే గొట్టాన్ని కిందికి దింపాడు. పీల్చుడు గొట్టంగల పంపును గురించి నేడు లభ్యమైన వర్ణనలలో ఇదే మొట్టమొదటిదని చరిత్రకారులు భావిస్తున్నారు. గొట్టంలోకి నీరు ఎక్కడానికి వాయుపీడనమే కారణమని పదిహేడవ శతాబ్దంలో టారిచెల్లి నిరూపించేవరకు లోకానికి తెలియదు. కారణం తెలియకముందే కార్యాన్ని సాధించినవాడు జజరీ. యుద్ధంలో శత్రువులపై మండే నాఫ్తాను చిమ్మే గొట్టాలను చూచి, ఆ సూత్రాన్నే పెద్దదిగా చేసి ఈ పంపును నిర్మించానని ఆయన తెలిపాడు. దహనానికి వినియోగపడిన ఉపాయాన్ని దాహం తీర్చడానికి మళ్ళించడం ఆయన సంస్కారానికి నిదర్శనం.

ఇంతటి ప్రాచీనుని పద్ధతి నేటి విద్యార్థికి ఎట్లా ఉపకరిస్తుందన్న ప్రశ్న సహజం. సమాధానానికి ఇంటిలోని చేపల గాజుతొట్టి చాలును. నీరు మురికిగా కనబడగానే ఎక్కువ శక్తిగల పంపును కొని తెచ్చి బిగించడం పరిపాటి. పెట్టెమీద గంటకు నాలుగు వందల లీటర్లని వ్రాసి ఉంటే అన్ని లీటర్లూ వస్తాయని భ్రమిస్తాము. ఆ సంఖ్య నీటిని ఏ మాత్రం ఎత్తనవసరం లేనప్పటిది. ఎత్తు పెరిగినకొద్దీ, గొట్టం సన్నమై వంపులు తిరిగినకొద్దీ ధార క్షీణిస్తుంది. పంపు శక్తికి మించిన ఎత్తులో పూర్తిగా ఆగిపోతుంది. కనుక ముందుగా చేయవలసింది కొలవడం. గొట్టపు కొసను అది వాడుకలో ఉండే ఎత్తుననే పట్టి, లీటరు పాత్ర ఎన్ని సెకన్లలో నిండుతుందో చూచి, ఆ సెకన్లతో మూడు వేల ఆరు వందలను భాగిస్తే గంటకు వచ్చే లీటర్లు తెలుస్తాయి. నలభై లీటర్ల తొట్టిలో గంటకు నాలుగైదు పర్యాయాలు నీరు వడపోతలోనుండి తిరిగితే చాలునని పెంపకందార్ల అనుభవం. అనగా నూట అరవై మొదలు రెండు వందల లీటర్లు.

అనేక సందర్భాలలో పాత పంపులో లోపమే ఉండదు. వడపోత స్పాంజి పూడుకొనిపోయి ఉంటుంది, లేదా లోపలి రెక్కల చక్రానికి పాచి పట్టి ఉంటుంది. శుభ్రపరచి తిరిగి కొలిస్తే వ్యయం తప్పుతుంది. నిజంగా పంపు మార్చవలసి వచ్చినా పాత స్పాంజిని పారవేయరాదు. చేపల విసర్జనవలన పుట్టే అమోనియాను హరించే సూక్ష్మజీవులు అందులోనే నివసిస్తాయి. దానిని కుళాయి నీటితో కాక తొట్టినుండి తీసిన నీటితోనే కడగాలి. ధార మితిమీరితే నిశ్చలమైన నీటిని కోరే ఫైటర్ వంటి చేపలు అలసి క్షీణిస్తాయి. గాలి పంపును తొట్టికి దిగువన ఉంచినవారు గొట్టంలో ఏకముఖ కవాటం అమర్చుకోవాలి. లేనిచో కరెంటు పోయినప్పుడు నీరు వెనుకకు జారి పంపులోనికి, నేలపైకి చేరుతుంది. నీటిని ఒకే దిక్కుకు పోనిచ్చే ఆ చిన్న కవాటమే జజరీ సిలిండర్లకు కూడా ప్రాణాధారం. తొట్టిలో చేయి పెట్టేముందు విద్యుత్తును నిలిపివేయడం మాత్రం జజరీకి అవసరం లేని, మనకు తప్పనిసరియైన జాగ్రత్త.

జజరీ గ్రంథం 1206లో పూర్తి అయినది. అదే సంవత్సరంలో మూలప్రతినుండి తయారైన ఒక వ్రాతప్రతి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ గ్రంథాలయంలో ఉన్నది. ఆ ప్రతి వ్రాసేనాటికే గ్రంథకర్త పరమపదించినట్లు దాని వలన తెలుస్తున్నది. ఆయన చేతితో చేసిన గడియారాలు, పంపులు కాలగతిలో మాయమైనాయి. అయినా 1974లో డొనాల్డ్ హిల్ అనే ఇంజనీరు ఆ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. 1976లో లండన్‌లో జరిగిన ఇస్లామీయ ప్రపంచ ఉత్సవం సందర్భంగా ఆ గ్రంథంలోని కొలతల ఆధారంగా కోట గడియారాన్ని పునర్నిర్మించగా అది నడిచింది. 1979లో అహ్మద్ యూసుఫ్ అల్ హసన్ సంపాదకత్వంలో అరబ్బీ మూలం అలెప్పోలో వెలువడింది. ఏడున్నర శతాబ్దాలకు పైగా గడిచిన అనంతరం, చేసినవాడు లేని చోట, కాగితంమీది కొలతలు యంత్రాన్ని మరల లేవనెత్తాయి.

ప్రయోగశాలలో రికార్డు పుస్తకాన్ని మార్కులకోసం మాత్రమే నింపే అలవాటు మనలో అనేకులకు కలదు. ముందుగానే తెలిసిన జవాబుకు తగినట్లు కొలతలను సర్దడమూ అరుదు కాదు. పూర్వుల గుర్తులు సరిపోలేదని కనుగొన్నప్పుడు జజరీ కూడా వాటినే నకలు చేసి ఊరుకొనగలిగేవాడు. రాజు గమనించేవాడు కాదు. గమనించేది నీరు ఒక్కటే. నీటిని మభ్యపెట్టడం ఎవరి తరమూ కాదు. పెద్దలను గౌరవిస్తూనే వారి లెక్కను పరీక్షించడం, కనుగొన్నదానిని దాచుకొనక ఇతరులు తిరిగి చేయగలిగినంత స్పష్టంగా వ్రాసి ఉంచడం ఆయన మనకు విడిచిపెట్టిన ఆస్తి. అరబ్బీ, ఉర్దూ, తెలుగు చదువుకొనే మన విద్యార్థులు ఆ ఆస్తికి నిజమైన వారసులు కావాలని ఆకాంక్షిద్దాం.