మోటర్‌సైకిల్ అంటే పడని ఇంజనీరు

వెస్పా స్కూటర్‌ని డిజైన్ చేసిన కొరాదినో దాస్కానియోకి మోటర్‌సైకిళ్లంటే అస్సలు పడేది కాదు. ఆయన మనసంతా హెలికాప్టర్ మీదే.

1891లో ఇటలీలోని పోపోలి అనే ఊళ్లో పుట్టారు. 1914లో టురిన్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశారు. (మన మెక్ బ్రాంచ్ వాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు.) 1930 అక్టోబర్‌లో రోమ్ దగ్గర ఆయన హెలికాప్టర్ 18 మీటర్ల ఎత్తుకి లేచింది, 8 నిమిషాల 45 సెకన్లు గాల్లో నిలిచింది. అప్పటికి అవి ప్రపంచ రికార్డులు. కొనేవాళ్లు మాత్రం లేరు. 1932లో పియాజియో కంపెనీలో చేరి విమానాల ప్రొపెల్లర్ల పనిలో పడ్డారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పొంతెదేరాలోని ఆ కంపెనీ ఫ్యాక్టరీ బాంబులకి దెబ్బతింది. ఓడిన ఇటలీలో విమానాలు తయారు చేయడం మీద ఆంక్షలు. జనం దగ్గర కారు కొనే డబ్బుల్లేవు. చౌకగా ఏదైనా బండి చేద్దామనుకున్న యజమాని ఎన్రికో పియాజియోకి మొదటి నమూనా నచ్చలేదు. దాస్కానియోని పిలిచారు.

బండ్లు నచ్చని మనిషి కదా, నచ్చనివన్నీ ఒక్కోటీ తీసి పారేశారు. చైన్ గ్రీజు బట్టలకి అంటుతుందా? చైనే వద్దు, ఇంజన్‌ని వెనక చక్రం పక్కనే బిగించారు. కాలెత్తి ఎక్కడం కష్టమా? మధ్యలో ఖాళీ వదిలారు. పంక్చరైతే టైరు తీయడం నరకమా? విమానం చక్రంలా ముందు చక్రాన్ని ఒక పక్క నుంచే పట్టి ఉంచారు, కారు చక్రంలాగే ఊడొచ్చేస్తుంది. గేరు హ్యాండిల్ మీదకొచ్చింది. విడిగా ఫ్రేమే లేదు, రేకు బాడీయే బరువంతా మోస్తుంది. ఇదీ విమానం తెలివే. 98 సీసీ ఇంజన్, గంటకి 60 కిలోమీటర్లు.

1946 ఏప్రిల్ 23న పేటెంట్‌కి అప్లై చేశారు. వెస్పా అంటే కందిరీగ. ఆ సన్న నడుము, ఆ రొద చూసి యజమానే ఆ పేరు పెట్టారంటారు. 1956 కల్లా పది లక్షల బండ్లు తయారయ్యాయి. తర్వాత లైసెన్సు మీద బజాజ్ మన దేశంలోనూ చేసింది. ఎడమ చేత్తో క్లచ్ పట్టి, గ్రిప్ తిప్పి గేరు మార్చిన మన తాతలకి ఈయన పేరు తెలిసుండదు.

ఆయనకి ఇదంతా సంతోషమేనా అంటే, అంతగా కాదు. పీసా యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ కూడా హెలికాప్టర్‌ని వదల్లేదు. డెబ్బై దాటాక అగుస్తా కంపెనీ కోసం ఇంకోటి డిజైన్ చేశారు. లోకం తనని స్కూటర్ మనిషిగానే గుర్తుపెట్టుకుందని బాధపడేవారట. 1981 ఆగస్టులో, 90 ఏళ్ల వయసులో పీసాలో కన్నుమూశారు. ఆయన హెలికాప్టర్లలో ఒక్కటీ నమూనా దశ దాటి ఫ్యాక్టరీ లైన్ మీదకి రాలేదు.