అమెరికా పే స్లిప్‌లో సోషల్ సెక్యూరిటీ కోత: ఎవరీ ఫ్రాన్సెస్ పెర్కిన్స్?

అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్ల జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీ కింద కట్ అవుతుంది. కంపెనీ కూడా అంతే కడుతుంది. ఈ పథకం వెనక ఉన్న ముఖ్యమైన వ్యక్తి ఫ్రాన్సెస్ పెర్కిన్స్.

ఆమె 1880లో బోస్టన్‌లో పుట్టారు. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీలో మంటలు రేగి 146 మంది చనిపోయారు. కార్మికులు కిటికీల్లోంచి దూకడం ఆమె కళ్లారా చూశారు. అప్పటి నుంచి కార్మిక చట్టాలే ఆమె జీవితమయ్యాయి. భర్త మానసిక అనారోగ్యంతో ఇంటి భారమూ ఆమెపైనే పడింది.

1933లో రూజ్‌వెల్ట్ ఆమెను కార్మిక మంత్రిని చేశారు. అమెరికా కేబినెట్‌లో తొలి మహిళ ఆమే. అది మహా మాంద్యం కాలం. బ్యాంకులు మూతపడి ఎందరో వృద్ధుల పొదుపు పోయింది. అయినా ప్రభుత్వ సాయం తీసుకోవడం నామోషీ అనుకునేవారు. అందుకే ఆమె నేతృత్వంలోని కమిటీ పెన్షన్‌ను దానంలా కాకుండా, చందా కట్టి సంపాదించుకునే హక్కుగా ప్రతిపాదించింది. 1935 ఆగస్టు 14న చట్టం వచ్చింది. 1937లో 1 శాతం కోత, 1940లో నెలవారీ పెన్షన్లు మొదలయ్యాయి.

అయితే పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని ఆ చట్టం వదిలేసింది. వారిలో చాలామందికి 1950, 1954 సవరణలతోనే చోటు దక్కింది. పెర్కిన్స్ 1965లో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చందా కడితేనే హక్కు అన్న సూత్రం నేటికీ ఉంది. సాధారణంగా 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల ఉద్యోగం ఉంటేనే పెన్షన్. నిబంధనల ప్రకారం కట్ అయిన ఈ సొమ్ము, ముందే ఇండియాకు వచ్చేసినా ట్యాక్స్ రిఫండ్‌లో తిరిగి రాదు.