క్లోన్ అంటే జిరాక్స్ కాదు: జె.బి.ఎస్. హాల్డేన్ జీవితం



మీ బాబు నడక అచ్చం వాళ్ల నాన్నలాగే ఉంటే ఇంట్లో అందరూ జిరాక్స్ కాపీ అంటారు. ఈమధ్య క్లోన్ అని కూడా అంటున్నారు. పేరున్న ఫోన్‌ని చూసి చేసిన నకిలీ ఫోన్ కూడా మార్కెట్లో క్లోనే. బయాలజీలో దీని అర్థం వేరు. ఒక జీవి నుంచి, అవే జన్యువులతో వచ్చిన మరో జీవి క్లోన్. గ్రీకులో ఆ మాటకు మూలం రెమ్మ. 1903లో వెబ్బర్ అనే అమెరికా శాస్త్రవేత్త మొక్కల విషయంలో దీన్ని వాడారు. మీ బాల్కనీ కుండీలో గుచ్చి పెంచిన గులాబీ కొమ్మ, పెరట్లో అరటి పిలక, రెండూ క్లోన్లే.

ఆ మాటను మనుషుల దాకా తెచ్చిన శాస్త్రవేత్త హాల్డేన్. ఆయన 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి ఫిజియాలజిస్టు. చిన్నతనం నుంచే తండ్రి ప్రయోగాల్లో పాల్గొన్నారు. యూనివర్సిటీలో చదివింది మాత్రం గణితం, ప్రాచీన గ్రీకు, లాటిన్. సైన్స్ డిగ్రీ లేదు. అయినా జీవపరిణామాన్ని లెక్కల్లోకి తెచ్చి, పాపులేషన్ జెనెటిక్స్‌కు పునాది వేసిన ముగ్గురిలో ఒకరయ్యారు.

1957లో భారతదేశానికి వచ్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1961లో భారత పౌరుడయ్యారు. మన తెలుగువారు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గరే జన్యుశాస్త్రంలో పరిశోధన చేశారు.

1963లో అచ్చయిన ఒక ప్రసంగంలో హాల్డేన్ మనుషుల క్లోనింగ్ గురించి ఊహించారు. డాలీ గొర్రెపిల్ల పుట్టింది 1996లో, అంటే ముప్పై ఏళ్లకు పైగా తర్వాత! గొప్ప ప్రతిభావంతులను క్లోన్ చేయవచ్చని అంటూనే ఆయన ఇంకో మాట చెప్పారు. అలాంటివారి బాల్యం తరచూ సంతోషంగా ఉండదట. తల్లిదండ్రులు, టీచర్లు, తోటిపిల్లలు వాళ్లను అందరిలాగే ఉండమని ఒత్తిడి చేయడమే కారణమట.

ఆ మాట మనకే తగులుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ ఫ్లెక్సీ చూసినా ర్యాంకర్ల ఫోటోలే. అది చూసి, పక్కింటి టాపర్‌లా ఎందుకు లేవని పిల్లల్ని అడుగుతాం. ఒకే జన్యువులున్న కవలలు కూడా ఆలోచనల్లో, ఇష్టాల్లో వేరువేరుగా ఎదుగుతారు. వేరే జన్యువులు, వేరే ఇల్లు ఉన్న మీ పాప ఇంకొకరిలా ఎలా అవుతుంది?

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. తన దేహాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ విద్యార్థుల చదువుకు ఇవ్వాలని ముందే రాసి పెట్టారు.

ఈసారి పీటీఎంకి వచ్చినప్పుడు మార్కులతోపాటు ఇంకో ప్రశ్న కూడా మమ్మల్ని అడగండి: మా పాపలో, మా బాబులో మిగతావారికంటే భిన్నంగా మీరు ఏం గమనించారు?